చక్రాలు పైకా, కిందికా?



2024 నవంబర్ 9న మన విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణా నదిలోంచి లేచి శ్రీశైలం వెళ్లిన సీప్లేన్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు అందులోనే వెళ్లారు. అటువంటి విమానానికి నీటిపై తేలే ఫ్లోట్లుంటాయి, వాటిలోనే ముడుచుకునే చక్రాలూ ఉంటాయి. గన్నవరం రన్‌వే మీద దిగాలంటే చక్రాలు కిందికి రావాలి. కృష్ణలో దిగాలంటే పైకి ముడుచుకోవాలి. ఇది తారుమారైతే ఏమవుతుందో ఈరోజు చెబుతాను.

రన్‌వే మీద చక్రాలు దించకుండా దిగితే, ఫ్లోట్లు లేని మామూలు విమానం పొట్ట రాసుకుంటూ జారుతుంది. ప్రొపెల్లర్లు వంగిపోతాయి, ఇంజన్ దెబ్బతింటుంది. అయినా చిన్న విమానాల్లో మనుషులు చాలావరకు క్షేమంగానే బయటపడతారు. నీటి మీద చక్రాలు దించి దిగడం అంతకన్నా ఘోరం. నీళ్లు చక్రాలను పట్టేయడంతో విమానం ముందుకు పల్టీ కొడుతుంది. లోపలివాళ్లు తలకిందులుగా నీటిలో చిక్కుకుంటారు.

చక్రాలు ముడిచి దిగడం అన్నివేళలా తప్పు కాదు. 2021 మే 6న నాగపూర్‌లో రోగితో బయల్దేరిన ఒక బీచ్‌క్రాఫ్ట్ ఎయిర్ అంబులెన్స్‌కు నేల విడిచేటప్పుడే ఒక చక్రం ఊడిపోయింది. కెప్టెన్ కేసరి సింగ్ దాన్ని ముంబయికి తీసుకెళ్లి, మిగిలిన చక్రాలతో దించే ప్రయత్నం చేయకుండా, నురుగు చల్లిన రన్‌వే మీద పొట్టతోనే దించారు. అందరూ బతికారు.

అంతకు ఏడాది ముందు, 2020 మే 22న, కరాచీలో ఒక ఎయిర్‌బస్ మరీ ఎత్తులో, మరీ వేగంగా రన్‌వే వైపు వచ్చింది. ఒకసారి దించిన చక్రాలను మళ్లీ ముడిచేశారు. హెచ్చరికలు మోగుతూనే ఉన్నాయి. ఇంజన్లు రన్‌వేకు రాసుకున్నాక విమానాన్ని మళ్లీ పైకి లేపారు. కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయి ఇళ్ల మీద కూలింది. అందులోని 99 మందిలో 97 మంది చనిపోయారు. రెండు చోట్లా చక్రాలు పైనే ఉన్నాయి. ముంబయిలో పైలట్‌కు ఆ సంగతి తెలుసు, దానికి తగ్గట్టే దిగారు.

అనుభవమున్న పైలట్ ఎలా మరిచిపోతాడని అడుగుతారు. ఇంటికి తాళం వేసే వేళ ఫోన్ మోగితే, వీధి చివరికి వచ్చాక తాళం వేశామో లేదో గుర్తురాదు. అక్కడా అంతే. చక్రాలు దించబోతుండగా కంట్రోల్ టవర్ పిలుస్తుంది, లేదా ఎదుట మరో విమానం కనిపిస్తుంది. ఆ పని అయిపోయిందనే మనసు నమ్మేస్తుంది. చక్రాలు దించకుండా ఇంజన్ జోరు తగ్గిస్తే హారన్ మోగుతుంది గానీ, ఒత్తిడిలో ఉన్న మనిషికి అది వినపడకపోవచ్చు.

అందుకే సీప్లేన్ పైలట్లు ప్రతిసారీ పైకి చెప్పుకుంటారు: "ఇది నీరు, చక్రాలు పైన." "ఇది రన్‌వే, చక్రాలు కింద." మధ్యలో ఎవరైనా పలకరిస్తే తనిఖీని మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టాలి. రన్‌వేకు దగ్గరయ్యాక కూడా చక్రాల పచ్చ దీపాలు వెలగకపోతే, నేల తాకకముందే పైకి లేచిపోవాలి.

ప్రయాణికులుగా మనకూ ఇందులో భాగముంది. చిన్న విమానంలో పైలట్ పక్కనే కూర్చునే అవకాశం రావచ్చు. ప్రమాదం కళ్లబడితే తప్ప, దిగే వేళ ఆయనతో మాట్లాడకండి, ఫొటోల కోసం పిలవకండి. తలుపు ఎలా తెరవాలో బయల్దేరే ముందే అడిగి తెలుసుకోండి. కృష్ణ మీద ఇలాంటి ప్రయాణాలు పెరగాలని కోరుకునే ప్రతి ఒక్కరం ఈ క్రమశిక్షణను కూడా అంతే గట్టిగా కోరుకోవాలి.