మన పేరు ఎవరికీ అద్దెకివ్వొద్దు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



థింసా చూశాం, పాటలు విన్నాం. ఇప్పుడు కాసేపు కొండ గురించి మాట్లాడుకుందాం.

మేము హాస్టల్లో పిల్లలతో ఉండేవాళ్ళం. సెలవులకు వాళ్ళని ఇళ్ళకు పంపేటప్పుడు, మళ్ళీ తీసుకొచ్చేటప్పుడు ఊరూరి కబురూ మా చెవిన పడుతుంది. ఈ ఏడాది లోయలోని ఒక ఊరి నుంచి గ్రావెల్ క్వారీ కబురు వచ్చింది. ఊరి పైన ఉన్న గుట్టను జేసీబీతో తవ్వి, టిప్పర్లలో కిందికి తోలతారట.

గ్రావెల్‌ను చట్టం చిన్న తరహా ఖనిజం అంటుంది. పేరుకే చిన్నది. ఆ గుట్ట పైపొర వాన నీటిని పీల్చుకుని నెమ్మదిగా వదిలితేనే కింద ఊట ఊరుతుంది. ఆ ఊట నుంచి పైపు వేసుకుని ఊరంతా నీళ్ళు తాగుతోంది. ఆ గెడ్డ మీదే వరి మళ్ళు పండుతున్నాయి. పైపొర తీసేస్తే వానాకాలం బురద మళ్ళలోకి దిగుతుంది, ఎండాకాలం ఊట ఎండిపోతుంది.

"మరి మనకు రోడ్డు వద్దా మేడం?" అని కొందరు కుర్రాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నిండు గర్భిణిని డోలీలో మోసిన భుజాలకు రోడ్డు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. మన రోడ్డుకు ఎంత గ్రావెల్ కావాలి, ఎక్కడ తీస్తే ఊటకు దెబ్బ తగలదు అన్నది ఊరంతా కూర్చుని తేల్చుకోవచ్చు. గుట్టను ఏళ్ళ తరబడి బయటికి అమ్ముకోవడం వేరే సంగతి.

మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని మైనింగ్ లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని, అది ప్రభుత్వ భూమి అయినా సరే, గిరిజనేతరులకు మైనింగ్ లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. దాని వెనుక ఉన్న బలం మన 1/70 చట్టం.

తలుపు అలా మూసుకుంది కాబట్టి ఇప్పుడు కిటికీ వెతుకుతున్నారు. ఆ కిటికీ మీరే. చదువుకున్న గిరిజన యువకుడి పేరు, ఆధార్, కుల ధ్రువపత్రం ఉంటే చాలు. కాగితం మీద పేరు మనది, వెనక డబ్బు, లాభం వేరొకరివి.

మా దగ్గర చదివిన ఒక అమ్మాయి అలాంటి కాగితమే పట్టుకుని హాస్టల్‌కు వచ్చింది. వాళ్ళ అన్నను సంతకం పెట్టమన్నారు. నెలనెలా డబ్బిస్తామన్నారు. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని లైను లైనూ చదివాం. తవ్వకంలో ఏ తప్పు జరిగినా జవాబుదారీ అతనిదే. లాభం మాటే అందులో లేదు. అతను సంతకం పెట్టలేదు. కానీ చేతికొచ్చిన డబ్బు పోయిందని చెల్లెలితో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు. ఆ అమ్మాయి కన్నీళ్ళు మేము చూశాం.

తర్వాత ఊళ్ళో సభ పెట్టారు. హాజరు కోసమని సంతకాలు, వేలిముద్రలు అడిగారు. పైన ఏమీ రాయని తెల్ల పేజీ అది. ఆ అమ్మాయే లేచి, "ముందు తీర్మానం రాయండి, చదివి వినిపించండి, అప్పుడు వేలిముద్ర వేస్తాం" అంది. ముసలమ్మలందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఊరు వద్దని తీర్మానం రాయించింది. దరఖాస్తు మాత్రం ఇంకా కదులుతూనే ఉంది.

1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న తరహా ఖనిజం లీజు ఇవ్వాలంటే గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ముందుగా ఉండాలి. ఒడిశా నియమగిరిలో 2013లో పన్నెండు ఊళ్ళ గ్రామసభలు బాక్సైట్ గని వద్దన్నాయి. పన్నెండుకు పన్నెండూ ఒకే మాట మీద నిలబడ్డాయి.

పిల్లలూ, మిమ్మల్ని మేము అడిగేది పెద్ద త్యాగం కాదు. గ్రామసభ రోజున ఊళ్ళో ఉండండి. తీర్మానం గట్టిగా చదివి, మన భాషలో అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పండి. పేజీ ఫోటో తీసుకోండి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు, పెట్టనివ్వొద్దు. డబ్బు అవసరమై ఎవరైనా తడబడితే వాళ్ళని తిట్టకండి, పక్కన కూర్చోండి.

అక్షరాలు మీకు మేము నేర్పాం. వాటిని ఊరికి తీసుకెళ్ళే పని మీది.

జోహార్.