మత్తు: తప్పా, జబ్బా?

(సొసైటీ వార్షిక సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. కాని మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగే చదువుతున్నారు. అందుకని తెలుగులోనే మాట్లాడతాను. తప్పులుంటే మన్నించాలి.

మొన్నటి కార్యవర్గ సమావేశానికి ఒక అర్జీ వచ్చింది. ఒక తల్లి తన కొడుకుని మత్తు మాన్పించే ఆస్పత్రికి తీసుకుపోవడానికి సాయం అడిగింది. ఒక పెద్దమనిషి, "తాగమని మనం చెప్పామా? తన ఇష్టంతో తాగాడు, తనే మానుకోవాలి. యతీములకు, బేవాలకు చెందవలసిన డబ్బు వాడి మీద పోస్తామా?" అన్నారు. ఇంకొకరు, "అది జబ్బండీ, జబ్బుకు మందు వద్దంటామా?" అన్నారు. మాట మీద మాట పెరిగింది. అర్జీ తేలకుండానే చాయ్ తాగి లేచాము. నేను కూడా నోరు మెదపలేదు. ఆ రోజు మాట్లాడనిది ఈ రోజు మాట్లాడుతున్నాను.

ఆ పెద్దమనిషి మాటలో నిజం లేకపోలేదు. మొదటి గుక్క, మొదటి దమ్ము మనిషి ఇష్టమే. మనిషికి ఇష్టమే లేదంటే తౌబాకు అర్థమే లేదు. కాని నూరో గుక్క కూడా మొదటి దానివంటిదేనా? ఇక్కడే మనం పొరబడుతున్నాము.

మన తెలంగాణలో జరిగినదే చూడండి. కల్లులో డైజిపామ్, ఆల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులు కలిపి అమ్మేవారు. 2015లో ప్రభుత్వం కల్తీకల్లును గట్టిగా ఆపింది. మంచి పనే. కాని ఆపిన కొద్ది రోజులకే నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులకు జనం బారులు తీరారు. కొందరికి ఫిట్స్ వచ్చాయి, కొందరికి మతి చలించింది. వీరిలో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవారు. వారు మానలేదా? మానారు, కల్లే దొరకనప్పుడు మానక చేసేదేముంది? మనసు కాదు, శరీరమే తిరగబడింది. బాగా అలవాటైన సారాయి, నిద్రమాత్రలు డాక్టరు లేకుండా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఈ సంగతి మన ఇళ్లల్లో తెలియాలి.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. కొన్నేళ్ల కిందట మా తరగతిలో ఒక పిల్లవాడు చేతిరుమాలులో వైట్‌నర్ పోసుకుని పీలుస్తూ దొరికాడు. నలుగురిలో నిలబెట్టి బెత్తంతో కొట్టాను. తండ్రిని పిలిపించి, "ఇంట్లో కట్టి పడేయండి, అదే దిగుతుంది" అన్నాను. పాపం, పంతులు చెప్పాడని కట్టేశారు. మూడో నాడు తెంపుకుని పోయాడు. మళ్లీ బడి గడప తొక్కలేదు. "ఎందుకురా బేటా?" అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు బజారులో ఎదురైతే తల తిప్పుకుంటాడు. మొన్నటిదాకా నేనూ తిప్పుకున్నాను.

చట్టం కూడా ఈ రెండు దారుల మధ్యనే నడుస్తోంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 27వ సెక్షను ప్రకారం వాడినవానికి కూడా శిక్ష ఉంది. అదే చట్టంలో 64ఎ సెక్షను, అలవాటుపడినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్లి పూర్తి చేసుకుంటే, వాడుక కేసు, కొద్దిపాటి సరుకు కేసు ఉండవంటోంది. ఈ రెండో మాట మన మహల్లాలో ఎంతమందికి తెలుసు? 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదన్నది. పోర్చుగల్ దేశం 2001లో, సొంత వాడకానికి కొద్దిగా ఉంచుకున్నవారిని కోర్టు బోనుకు బదులు వైద్య, సంక్షేమ విషయాలు తెలిసినవారి ముందుకు పంపే పద్ధతి పెట్టింది. అమ్మేవాడికి మాత్రం అక్కడా జైలే. బలవంతంగానైనా చికిత్స చేయించాలని కొందరు, ఒప్పించే చేయాలని కొందరు నేటికీ వాదించుకుంటున్నారు. కట్టేయమన్న నాకు మాత్రం ఒప్పించడమే మేలని తోస్తోంది.

2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సర్వేలో, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందినట్లు తేలింది. మిగతావారందరూ మొండివాళ్లేనా? దారి తెలియనివారు, పరువుకు జడిసినవారు, చార్జీలు లేనివారు కారా?

మన దీన్ ఏమంటోంది? మద్యం హరామ్. అందులో రెండో మాట లేదు. కాని ఆ నిషేధం ఒక్క రోజులో రాలేదు. ముందు దాని కీడు చెప్పి, తరువాత మత్తులో నమాజుకు రావద్దని చెప్పి, ఆ పైన పూర్తిగా కాదన్నారు. మనిషి స్వభావం తెలిసిన అల్లాహ్ చూపిన క్రమం అది. సహీహ్ బుఖారీలో ఒక సంగతి ఉంది. తాగి మాటిమాటికీ పట్టుబడిన ఒక మనిషికి శిక్ష పడింది. ఎవరో అతణ్ణి శపించబోతే ప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ మీద, ప్రవక్త మీద ప్రేమ ఉందన్నారు. తప్పును తప్పన్నారు, మనిషిని మాత్రం జమాత్ నుంచి వెళ్లగొట్టలేదు. మనమో, సలాముకు జవాబు కూడా మానేస్తున్నాము.

కనుక నా మనవి మూడు మాటల్లో. ఒకటి, ఆ తల్లి అర్జీని ఈ నెలలోనే తేల్చండి. జకాత్ సొమ్ము ఇవ్వవచ్చునా అన్నది ఉలమాలు చెప్పాలి, మామూలు చందాలోంచి బస్సు చార్జీలు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. రెండు, ఆస్పత్రికి తోడు వెళ్లడానికి ఇద్దరు సభ్యులు కావాలి. మొదటి పేరు నాది రాసుకోండి. మూడు, 14446 అనే ఉచిత ఫోను నంబరును మన ఆఫీసు గోడ మీద ఉర్దూలోనూ తెలుగులోనూ రాయించండి. చికిత్స అయినవాడు మళ్లీ జారవచ్చు. జారితే మళ్లీ తీసుకుపోదాము. షుగరు మళ్లీ పెరిగిందని ఎవరినైనా వదిలేస్తున్నామా?

మొదటి గుక్క వాడి ఇష్టమన్నాము. చెయ్యి అందించడమో, మానడమో మన ఇష్టం. రేపు అల్లాహ్ సన్నిధిలో వాడిని అడిగేది వాడిని అడుగుతారు, మనల్ని అడిగేది మనల్ని అడుగుతారు.

అల్లాహ్ మన పిల్లలను కాపాడుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.