శ్రీసిటీని జూచి వచ్చితిని

'శ్రీ' సంస్కృతము; 'సిటీ' ఇంగ్లీషు. మా గురువుగారు జీవించియుండిన నీ పేరు వినినంతనే "దుష్టసమాసమురా" యని చెవులు మూసికొనియుందురు. అయినను తడ మొదలు నాయుడుపేట వఱకు ఈ పేరెఱుగని పసివాడు లేడు. లోకము వాడుకొనుచున్న మాటను వ్యాకరణ మాపజాలదు గనుక నేనును ఆ పేరే వాడెదను.

మా చిట్టమూరునుండి దక్షిణముగా నాయుడుపేట, సూళ్ళూరుపేట దాటి తడ చేరి, పడమటికి మరలినచో నీ నగరము వచ్చును. అచ్చటినుండి చెన్నపట్టణము 55 కిలోమీటర్లు. ఆ మహానగరమున చోటు చాలక, నేలవెల భరింపరాక, పొంగిన వ్యాపారము రాష్ట్రపు ఎల్ల దాటి మన గట్టున నిలిచినదనవచ్చును. 2008లో ఆరంభమైనది. 2022లో క్రొత్తజిల్లా లేర్పడినపుడు మా యూరును ఆ నగరమును ఒక్క తిరుపతి జిల్లాలోనే చేర్చిరి. ఇంత దాపున నుండియు మొన్నటివఱకు నేను దానిని చూచి యెఱుగను.

ప్రబంధకవులకు పురవర్ణనము మొదటి వర్ణనము. కోట, అగడ్త, మేడలు, పూలమ్ము పడతులు లేనిదే వారికి నగరము లేదు. ఇచ్చట కోటకు మాఱు ఇనుపకంచె, ద్వారమున కావలివాండ్రు, లోపల కిటికీలు కానరాని పొడవైన కర్మాగారములు. నేను నడిచిన వీథులలో ఒక్క వాకిటను ముగ్గు కనబడలేదు. వాకిళ్ళుండిన గదా ముగ్గులు! ప్రొద్దున బస్సులలో వేలకొలది జనులు వత్తురు, వేళ ముగియగానే పోవుదురు. రాత్రివేళ మఱియొక జట్టు వచ్చును. అంగడిలో తేనీరిచ్చిన బాలుడు నన్ను హిందీలో పలుకరించెను. ఒరియాదేశమునుండి వచ్చినాడట.

ఇచ్చట 2015లో ఫాక్సుకాన్ సంస్థ చేతిఫోనుల తయారీ నారంభించినది; అందు పనిచేసినవారిలో ఆడపిల్లలే అధికము. 2016లో ఇసుజు మోటారుబండ్ల కర్మాగారము వచ్చినది. 2013లో త్రిపుల్ ఐటీ, 2018లో క్రియా విశ్వవిద్యాలయము నెలకొన్నవి. వీనియన్నింటికంటె నన్నాశ్చర్యపఱచినది రైలుపెట్టెల సంగతి. ఆల్‌స్టమ్ అను ఫ్రెంచి సంస్థ ఇచ్చట నిర్మించిన పెట్టెలు చెన్నై, కొచ్చి నగరముల మెట్రోలలోనే గాక, ఓడలెక్కి పోయి ఆస్ట్రేలియాలోని సిడ్నీలోను, కెనడాలోని మాంట్రియల్‌లోను తిరుగుచున్నవి. మా తాతలనాడు ఈ ప్రాంతము చెన్నపట్టణమున కంపినది వంటచెఱకు. బకింగుహాము కాలువపై, పడవలలో. ఆ పడవలను గడలతో త్రోసినవారి మునిమనుమలు నేడు మాంట్రియల్ రైళ్ళకు మరలు బిగించియుందురేమో!

నేనచ్చటికి వినోదమునకై పోలేదు. మా యూరి రైతొకడు, నాయొద్ద చదువుకొన్నవాడు, ఒకనాటి సాయంకాలము వచ్చి, "అయివారూ, పాప డిప్లొమా ముగించినది. అక్కడ పని వచ్చినదంటున్నది. పంపమందురా, వద్దందురా?" యని యడిగెను. చూడనిదే చెప్పజాలనంటిని. ఇరువురము కలసి పోయితిమి.

వాని భయము రెండు విధములు. హాస్టలులో ఉంచుట మొదటిది. రెండవది వాడు బస్సులో గాని చెప్పలేదు: పిల్ల పోయినచో మూడెకరముల వరిపొలము తనతోనే ముగియును. నాట్లకు కూలీలు దొరకక ఇప్పటికే వానికి నడుము విఱిగినది. కొడుకు చెన్నైలో ఉన్నాడు, రాడు. ఊరూర నిదే కథ. పిల్లలను చదివించినవారము మనమే. చదివినవారు మడిలో దిగవలెనని కోరుట యెట్లు?

మా ప్రక్కయూరి యమ్మాయి యొకతె అచ్చట రెండేండ్లుగా పనిచేయుచున్నది. ఆమె నడిగితిమి. నిలుచుండి చేయుపని, తొలినెలలలో కాళ్ళు వాచినవనెను. జీతము తన పేరిటి బ్యాంకు ఖాతాలో పడుననియు, తమ్ముని చదువు తానే చూచుచున్నాననియు చెప్పెను. చెప్పునపుడు తల వంచుకొనలేదు. అది నేను గమనించితిని.

తిరిగివచ్చుచు వానితో నిట్లంటిని: "పంపుము. అయితే ముందు నాలుగు సంగతు లడిగి తెలిసికొనుము. ఉద్యోగము కంపెనీదా, కూలీలను సమకూర్చు గుత్తదారుదా? భవిష్యనిధి కట్టుదురా? రాత్రిపని ముగిసిన పిమ్మట బస్సు హాస్టలు గడపవఱకు వచ్చునా, రోడ్డుమీదనే దింపునా? నియామకపు కాగితము చేతికిత్తురా?" గుత్తదారు నోటిమాట నమ్మి పిల్లలను పంపిన తల్లిదండ్రులను నేనెఱుగుదును. నాలుగు ప్రశ్నలకును జవాబు కాగితముపై నుండవలెను.

పిల్ల పోయినది. రెండెకరములు కౌలునకిచ్చినాడు. మిగిలిన యెకరమును వాడే దున్నుచున్నాడు. దానిని అమ్మమని తఱచుగా దళారులు వచ్చుచున్నారు. ఇప్పటివఱకు ఒప్పుకొనలేదు.