పిహెచ్.డి. విద్యార్థులకు ఆఖరి సంవత్సరపు ఆసరా
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం యీ సభలో టెన్త్, ఇంటర్ పాసైన పిల్లలకు బహుమతులు యిస్తున్నాము, ఫోటోలు తీయించుకుంటున్నాము. మంచిదే. కాని ఎం.ఏ., ఎం.ఎస్సి. దాటి పిహెచ్.డి. దాకా పోయిన పిల్లల సంగతి మనం యింతవరకు ఒక్కసారైనా మాట్లాడుకున్నామా? ఆ కొద్దిమందిని గురించే యివాళ నాలుగు మాటలు మనవి చేస్తాము.

కొద్దిమంది అని వూరికే అనలేదు. 2005లో కేంద్ర ప్రభుత్వం జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన వేసిన కమిటీ 2006 నవంబరులో నివేదిక యిచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం 20 ఏళ్ళు నిండిన వారిలో డిగ్రీ గాని డిప్లొమా గాని వున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఏడుగురైతే, ముస్లిములలో నలుగురు కూడా లేరని అందులో వున్నది. పేరుమోసిన కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒకరు, పి.జి.లో 50 మందికి ఒకరు మనవాళ్ళు. ఒక్క మెట్టు ఎక్కేసరికి సగం మంది జారిపోయారన్నమాట. ఆ పై మెట్టు సంగతి మీరే వూహించుకోండి.

ఆ నివేదిక వచ్చిన తర్వాతనే, 2009-10లో, మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పు మొదలైంది. ముస్లిములకొక్కరికే కాదు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, తర్వాత జైనులు కూడా దీని కిందికి వచ్చారు. నూటికి 30 ఆడపిల్లలకు ప్రత్యేకించారు. ఐదేళ్ళపాటు నెలనెలా డబ్బు. మొదట్లో నెట్ పాస్ కావాలన్న నిబంధన లేదు, తర్వాత పెట్టారు. 2022 డిసెంబరులో, ఆ పథకాన్ని 2022-23 నుంచి ఆపివేస్తున్నట్టు మంత్రి స్మృతి ఇరానీ లోక్‌సభలో చెప్పారు. అవే అవసరాలకు వేరే పథకాలు వున్నాయన్నది ఆమె చెప్పిన కారణం. అప్పటికే తీసుకుంటున్న వారికి గడువు దాకా యిస్తామన్నారు. కొత్తవారికి మాత్రం ఆ తలుపు మూసుకుపోయింది.

వేరే పథకాలు లేవని మేము అనటం లేదు. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఏడాదికి రెండుసార్లు పరీక్ష. వెనుకబడిన తరగతుల వారికి జాతీయ ఫెలోషిప్పు విడిగా వున్నది. మన దూదేకుల సోదరుల పిల్లలు దాన్ని తప్పక చూడాలి. అయితే ఒక హెచ్చరిక: రాష్ట్రం యిచ్చిన బి.సి. సర్టిఫికెట్ చేతిలో వున్నంత మాత్రాన కేంద్ర జాబితాలో వున్నట్టు కాదు. దరఖాస్తు పెట్టేముందే ఆ జాబితా సరిచూసుకోండి.

అసలు చిక్కు యింకొకటి వున్నది. ఫెలోషిప్పు ఎంత మంచిదైనా ఐదేళ్ళకు ఆగిపోతుంది. థీసిస్ ఆగదు. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి ఆరేళ్ళు గడువు, ఆపైన యింకో రెండేళ్ళు పొడిగింపు, ఆడపిల్లలకు మరో రెండేళ్ళు. గడువైతే వున్నది, ఆ గడువులో తిండికేది? సేకరించిందంతా కూర్చుని రాయవలసిన రోజుల్లోనే డబ్బు అయిపోతుంది. అప్పటికి మగపిల్లవాడైతే ఇంటికి సంపాదించి పెట్టాలి, ఆడపిల్లయితే పెళ్ళి మాటలు మొదలవుతాయి.

మన పేటలోనే ఒకమ్మాయి, పేరు చెప్పము, తండ్రి మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. హైదరాబాదు లాడ్ బజారుకు ఇళ్ళలో లక్క గాజులు చేసియిచ్చే స్త్రీల కూలి మీద పరిశోధన పెట్టుకున్నది. ఫెలోషిప్పు ముగిసేనాటికి రెండు అధ్యాయాలు మిగిలాయి. ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరింది. పగలు స్కూలు, సాయంత్రం ట్యూషన్లు. రెండేళ్ళు ఆ కాగితాలు ట్రంకుపెట్టెలోనే వున్నాయి. మొదటిసారి మన ఆఫీసుకు వచ్చినప్పుడు మేమేమన్నామో దాచటం దేనికి, "ఇంకా ఎన్నాళ్ళమ్మా యీ చదువు?" అని పంపించేశాము. రెండోసారి తండ్రి వచ్చాడు. "భాయ్‌సాబ్, ఆరు నెలలు స్కూలు మానిపించగలిగితే ముగిస్తానంటోంది. ఆ ఆరు నెలల జీతం నా దగ్గర లేదు" అన్నాడు. అప్పుడు గాని మాకు విషయం బోధపడలేదు. సభ్యులు కొందరు తలా కొంత వేసి ఆ జీతం సర్దారు. ఏడో నెలలో థీసిస్ యూనివర్సిటీకి చేరింది.

అందుకని కార్యవర్గం ఒక ప్రతిపాదన తెస్తున్నది. థీసిస్ రాసే దశలో వున్న యిద్దరికి, ఏడాదికొకసారి, ఆరు నెలల ఖర్చు. గైడు దగ్గరనుంచి వుత్తరం తేవాలి, ఫీల్డు పనో లేబొరేటరీ పనో పూర్తయి వుండాలి. ఆడపిల్లలకు ముందు చోటు. జకాత్ సొమ్ము యిందుకు వాడవచ్చునా అని కమిటీలో చాలాసేపు వాదన జరిగింది. అవసరంలో వున్న విద్యార్థికి యివ్వవచ్చని కొందరు, ముందు ముఫ్తీగారిని అడగాలని కొందరు. అడుగుతాము. అంతవరకు జకాత్ ఖాతాను ముట్టుకోకుండా దీనికి చందా పుస్తకం విడిగా తెరిచాము. వలీమా విందులో ఒక రకం తగ్గించుకున్నా యిందులో ఒక నెల గడుస్తుందని మా ఖజాంచీగారు అంటారు. ఆయన అన్నారు గనుక చెబుతున్నాము, కోపగించుకోకండి.

రసీదు పుస్తకాలు యివాళ భోజనాల దగ్గర వుంటాయి. దరఖాస్తు ఫారాలు వచ్చే జుమా నుంచి ఆఫీసులో దొరుకుతాయి. వాటిని మొదట చదివి చెప్పటానికి ఆ అమ్మాయే ఒప్పుకున్నది.