యుద్ధకాలమున బంగారము, భూమి



యుద్ధవార్త వినబడగానే గ్రామములలో పెద్దలు నన్నడుగు ప్రశ్న యొక్కటే: "మాస్టరుగారూ! ఉన్నదంతయు బంగారముగా మార్చుకొందుమా?" దీనికి ఒక్కమాటలో సమాధానము చెప్పజాలను. దేశమున జరిగినదియు, మా యింట జరిగినదియు విన్నవించెదను. తారతమ్యము మీరే తెలిసికొనుడు.

యుద్ధము మొట్టమొదట నాణెమును పరీక్షించును. 1940 వఱకు మన రూపాయి తులము తూగుచుండెను. అందు పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండియే. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినంతనే జనులు రూపాయలను దాచసాగిరి. 1940లో ప్రభుత్వము రూపాయి నోటును వెలువరించి, నాణెములోని వెండిని సగమునకు తగ్గించెను. మేలిరూపాయి పెట్టెలోనికి, నాసిరూపాయి సంతలోనికి పోయెను. 1947 నాటి రూపాయిలో వెండి లేనే లేదు, అది నికెలు. పాతరూపాయలకు చెల్లుబాటు పోయినను, వాని వెండికి వెల పోలేదు.

కాగితమునకు ఆ పాటి యాధారమును లేదు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించి, అక్కడ తమ రూపాయి నోట్లను చెలామణి చేసిరి. 1945లో వారు ఓడిపోగా అవి చిత్తుకాగితములైనవి. కూలికై రంగూను పోయి, తిరిగి రాలేక అక్కడనే నిలిచిన మన తెలుగువారి చేతులలోను అవి మిగిలినవి.

అట్లైన బంగారమే శరణ్యమా? 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపై బాంబులు పడినవి. తీరవాసులు లోపలి గ్రామములకు తరలిపోసాగిరి. ఆ కలవరమున మా తాతగారు రెండెకరముల మాగాణిని వచ్చిన వెలకమ్మి, అడిగిన వెలకు బంగారము కొనిరి. శత్రువు మా యూరికి రాలేదు. బర్మాబియ్యము మాత్రము రాక నిలిచిపోయెను, ధాన్యము ప్రియమయ్యెను. మఱుసటి యేడు, తన పొలమున పండిన వడ్లనే, మా నాయనమ్మ ఆ బంగారపు గాజులమ్మి కొనుక్కొనెను. ఈ మాట చెప్పునపుడెల్ల ఆమె బోసిమణికట్టును తడవుకొనుచుండెడిది.

నేటి కాలమునను ఇంతే. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తగా, మార్చిలో ప్రపంచవిపణిలో ఔన్సు బంగారము 2000 డాలర్లు దాటెను. అమెరికాలో వడ్డీరేట్లు పెరుగుటచే, యుద్ధము సాగుచుండగనే, సెప్టెంబరునకు 1700 డాలర్లకు దిగువకు వచ్చెను. వార్త విని పరుగెత్తి కొన్నవాడు శిఖరమున కొన్నాడు.

కావున నా మనవి యిది. బంగారము చెడ్డది కాదు; దానిని శాంతికాలమున, మిగులుసొమ్ముతో, కొంచెము కొంచెముగా కొనుడు. యుద్ధము వచ్చినపుడు ముందుగా ఏడాది గ్రాసము, పిదప ఋణవిమోచనము చూచుకొనుడు. అన్నము పెట్టు భూమిని భయముచేత అమ్మకుడు. భయము పది దినములలో పోవును; పోయిన చేను తిరిగి రాదు. ఆ రెండెకరములు మా వీధి చివర నేటికిని పచ్చగానే యున్నవి. గట్టుమీద నడచుటకు మాత్రమే మాకు హక్కు.