నానోమిశ్రమములు – మన కర్తవ్యము

(గాజులరామారమున చదువరుల సభలో చేసిన ఉపన్యాసపాఠము)



గోడకు పెట్టు మట్టిలో గడ్డి కలుపుట మన పల్లెలలో అందరును ఎరిగినదే. మట్టి యొక్కటే యైన గోడ పగులును. గడ్డి కలిసిన నిలుచును. ఒకదానికి లేని గుణము రెండును కలియుటచే కలుగుటయే మిశ్రమపదార్థముల మర్మము. అట్లు కలుపు వస్తువు నానోమీటర్ల కొలతలో నున్నచో అది నానోమిశ్రమము. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు.

ఇంత సూక్ష్మముగా చేయుటవలన లాభమేమి? సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల ముక్కకు ఆరు చదరపు సెంటీమీటర్ల పైభాగ ముండును. దానినే నానోమీటరు ముక్కలుగా ఖండించిన, ఆ పైభాగ మంతయు కలిసి 6000 చదరపు మీటర్లు, అనగా ఎకరమున్నర యగును. పట్టు దొరకు చోటు అంతగా పెరుగుటచే చిటికెడు పొడియే చాలును. 1980ల దశకమున జపానుదేశపు టొయోటా పరిశోధకులు నైలానులో నూటికి ఐదు పాళ్లకు మించని బంకమన్ను పొరలుగా విడదీసి కలుపగా, దాని బిగువును వేడిని ఓర్చు శక్తియు మిక్కిలి పెరిగినవి. అది మోటారుబండ్ల భాగములకు పనికివచ్చినది. నేడు చిరకాలము నిలుచు పూతలకును, గాలి చొరని పొట్లములకును ఈ విద్యయే ఆధారము.

2006లో జర్మనీ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు డమాస్కసు కత్తిలో కర్బన నానోనాళికలను కనుగొనిరి. అట్టి కత్తులకు ఉక్కు మన దేశమునుండియే పోయెడిది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమునకు పారశీక వర్తకులు వచ్చి ఉక్కు కొనుచుండిరని 1832లో ప్రకటితమైన వాయిసీ వ్రాత తెలుపుచున్నది. గర్వింపదగినదే! కాని ఆ కమ్మరులకు చేయి తెలిసెను, కారణము తెలియలేదు. మూసలు చల్లారినంతనే విద్యయు చల్లారినది.

ఆ నష్టము మరల కలుగరాదు. హైదరాబాదు నగరమున బాలాపూరులోని ఏఆర్‌సీఐ పరిశోధనాలయమున నేడు నానోపదార్థములపై కృషి జరుగుచున్నది. మన పొరుగున జీడిమెట్ల కార్ఖానాలలో వేలమంది పనిచేయుచున్నారు. ఈ రెంటినడుమ వంతెన కావలెను. ఆ వంతెన తెలుగుభాషయే. గుణముతోపాటు దోషమును చెప్పవలెను: ఈ సూక్ష్మధూళి ఊపిరితిత్తుల లోతునకు చొరగలదు, కొన్ని రకముల కర్బననాళికలు జంతువులకు హాని చేసినట్లు పరీక్షలలో తేలినది. పొడిని చేతబట్టు కార్మికునకు ఈ సంగతి తెలియకుండుట అన్యాయము.

పూర్వుల ఉక్కును పొగడుట సులభము. కారణమెరిగిన పనివారిని తయారుచేయుట కష్టము. మనము ఆ కష్టమునకే పూనుకొందము.