ఇంటి గుట్టు, చేతిలో ఫోను

ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు మన పెద్దలు. ఆ రోజుల్లో గుట్టు బయట పడాలంటే విభీషణుడంతటివాడు గడప దాటి వెళ్లి చెప్పవలసి వచ్చింది. ఇప్పుడా శ్రమ ఎవరికీ లేదు. మనం పొయ్యి దగ్గర పోపు వేసుకుంటూ ఉండగానే, గట్టుమీద పెట్టిన సెల్‌ఫోను మన పేరూ, ఊరూ, నిన్న మనం చూసిన చీర రంగూ ఎవరెవరికో చేరవేస్తూ ఉంటుంది.

"నా దగ్గర దాచుకోవలసిన రహస్యాలేమున్నాయండీ, నేనేమైనా మంత్రినా?" అని చాలామంది అంటూంటారు. ఈ మాట నేనొప్పుకోను. పోపుల డబ్బా అడుగున నాలుగు నోట్లు దాచుకోని ఇల్లాలు మనలో ఎందరు? పిల్లవాడి జ్వరానికో, పుట్టింటి ప్రయాణానికో చెయ్యి చాచకుండా ఉండాలని దాచుకుంటాం. అందులో తప్పేముంది? తనదంటూ కొంత తన చేతిలో ఉండడమే గుట్టంటే. మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు జడ్జిగా పనిచేసి రిటైరయిన పెద్దమనిషి. 2012లో ఆధార్ విషయమై కోర్టుకు వెళ్లేనాటికే ఆయనకు ఎనభై ఏళ్లు దాటాయి. మన పనికి మనకు ఓపిక లేదనడం ఏం బాగుంటుంది చెప్పండి!

సరే, కోర్టు సంగతి అలా ఉంచి బట్టల కొట్టుకు వద్దాం. బిల్లు రాసే అబ్బాయి తల ఎత్తకుండానే "మేడమ్, నంబరు" అంటాడు. మనమూ ఎక్కం అప్పజెప్పినట్లు పది అంకెలూ పైకే చెప్పేస్తాం. వెనక నిలబడ్డవాళ్లంతా వింటారు కూడా. బ్యాంకు ఖాతా, గ్యాసు, ఆధార్ అన్నీ ఆ ఒక్క నంబరుకే ముడిపడి ఉన్నాయి కదా. నంబరిస్తేనేగాని బిల్లు వేయమని పట్టుబట్టవద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు సలహా ఇచ్చింది. "కాగితం బిల్లు చాలు నాయనా" అనడానికి మొహమాటమెందుకు? వంకాయల దగ్గర ఐదు రూపాయలకు బేరమాడేటప్పుడు లేని మొహమాటం ఇక్కడ ఎక్కడినుంచి వస్తుందో నాకర్థం కాదు.

ఇంత జాగ్రత్తగా ఉంటే పూర్తి రక్షణ దొరుకుతుందా అంటారేమో. దొరకదు. 2018లో మన పెద్దపల్లి జిల్లాలో జరిగిన సంగతి చూడండి. సిమ్ కార్డుల వ్యాపారం చేసే ఒకతను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనబడేలా ఉన్న ఆస్తి దస్తావేజులను దించుకుని, వాటిమీది వేలిముద్రలనుబట్టి రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర సిమ్ కార్డులు పుట్టించి పోలీసులకు దొరికాడు. ఆ దస్తావేజులవాళ్లు చేసిన పొరపాటేమిటి? ఇల్లో, స్థలమో కొనుక్కుని సంతకం పక్కన వేలు పెట్టారు, అంతే. దాచమని మనమిచ్చినవాళ్ల దగ్గరే పోతే మనమేం చేయగలం? యాహూ అంతటి పెద్ద సంస్థలో 2013లో దొంగలు పడితే, పోయినవి మొత్తం మూడు వందల కోట్ల ఖాతాల వివరాలని 2017కు గాని బయటపడలేదు. 2019లో అయితే పెగాసస్ అనే గూఢచారి సాధనం వాట్సాప్ కాల్ రూపంలో వచ్చి, ఆ కాల్ ఎత్తకపోయినా ఫోనులో దూరేది. అది ఎంతో ఖరీదైన పని. మీ మీదా నా మీదా అంత సొమ్ము ఖర్చుపెట్టే తీరిక ఎవరికీ ఉండదు లెండి.

మన జోలికి వచ్చేది చిల్లర దొంగ. వాడు వీధంతా నడుస్తూ తలుపులు తోసి చూస్తాడు. గడియ పెట్టి ఉన్న ఇంటితో పెనుగులాడడు, పక్కింటికి పోతాడు. ఆ గడియలు మన ఫోనులోనూ ఉన్నాయి. ఆధార్‌లో మన వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు, ఆధార్ సంస్థ యాప్‌లోనే ఆ వీలుంది. అవసరమైన రోజున తీసుకుని, మళ్లీ వేసుకోవచ్చు. ఆధార్ జిరాక్సు అడిగితే, నాలుగు అంకెలు మాత్రమే కనబడే ప్రతి ఒకటుంటుంది, అది సరిపోయేచోట అదే ఇవ్వండి. మన పేరుమీద ఎన్ని సిమ్ కార్డులున్నాయో సంచార్ సాథీలో ఉచితంగా చూసుకోవచ్చు. వాట్సాప్‌లో ఆరంకెల పిన్ను పెట్టుకోవడానికి పాలు కాగేపాటి సమయం కూడా పట్టదు. మరొకటి, డబ్బు పంపడానికే గాని పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ను అక్కర్లేదు. "మీకు డబ్బు వేస్తున్నాం, పిన్ను కొట్టండి" అన్నవాడు ఎవరో ఇక వేరే చెప్పాలా? వీడియోలో పోలీసు టోపీ పెట్టుకుని "డిజిటల్ అరెస్టు" అనేవాడూ అంతే. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు.

తిరుపతి క్యూలో నిలబడి కుటుంబమంతా ఫోటో తీసుకుని అక్కడికక్కడే స్టేటస్‌లో పెట్టడం కూడా మంచిది కాదు. ఇంటికి తాళం వేసి ఉందని ఊరంతా టముకు వేయడమే అది. తిరిగొచ్చి ప్రసాదం పంచేటప్పుడు పెట్టుకుంటే దేవుడేమీ అనుకోడు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టిన సంగతి ఒకటి చెబుతాను. మా వీధిలో ఒకావిడకు, కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తామని మెసేజి వచ్చింది. ఆ నంబరుకు ఫోను చేస్తే, వాడు చెప్పిన యాప్ ఏదో దించుకోమన్నాడు. ఖాతాలో కుట్టుపని చేసి కూడబెట్టుకున్న సొమ్ము, పాపం. పది నిమిషాల్లో పోయింది. పోయినందుకు కాదు నా బాధ. మూడు రోజులపాటు ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "నీకెందుకు ఫోను?" అంటారని భయం. వెంటనే 1930కి ఫోను చేసి ఉంటే, ఆ సొమ్ము దొంగ చేతికి అందేలోపు బ్యాంకులో ఆపించే అవకాశం ఉండేది. మూడు రోజులయ్యాక ఇక ఏముంటుంది?

కాబట్టి ఇంట్లో మగవాళ్లు వింటూ ఉంటే వారికీ ఒక మాట. చదువుకున్న ఆఫీసర్లూ, డాక్టర్లూ కూడా ఇలాగే మోసపోతున్నారు. డబ్బు పోయినవేళ ముందు 1930 నంబరు కలపండి. కోపం తరవాత చూసుకోవచ్చు. మనం మాత్రం ఫోను తీసుకెళ్లి "ఏదో పెట్టిపెట్టరా" అని అబ్బాయి చేతికివ్వడం మానాలి. పాస్‌వర్డు వాడికి తెలిసి, మనకు తెలియకపోతే ఆ ఖాతా ఎవరిదైనట్లు? పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించుకుందాం. రెండు రోజులు విసుక్కుంటాడు. అన్నప్రాశన నుంచి మనం పడ్డ విసుగుతో పోలిస్తే అదెంత!

చివరికి, పాత ఫోను స్టీలు గిన్నెలవాడికి వేయవచ్చా అని మొన్న ఒక సోదరి అడిగారు. వేయవచ్చు. అయితే ముందుగా ఫోటోలు వేరేచోట భద్రపరచుకుని, మన ఖాతాలనుంచి బయటికి వచ్చి, సెట్టింగులలో ఫ్యాక్టరీ రీసెట్ అనేది చేయించండి. సిమ్మూ, మెమరీ కార్డూ తీసి దగ్గర పెట్టుకోండి. ఆ తరవాత గిన్నె ఎంత పెద్దదిస్తాడో, అది మీ బేరాన్నిబట్టి ఉంటుంది.